సాంచా మీది మైనస్ ఒకటి

ఆగస్టు 10, ఆదివారం మధ్యాహ్నం. కరీంనగర్‌లో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, మా బిడ్డ, సిరిసిల్ల నుంచి వచ్చిన మా బామ్మర్ది. మా ఇంటామె చాయ్ ఇచ్చి పక్కింటికి పోయింది.

బామ్మర్ది సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. తెల్లటి గుడ్డలో పొడుగునా సన్నటి సందు. పడుగు దారం తెగినా నేత ఆగలేదన్నమాట. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. దారం తెగగానే సాంచాను ఆపే చిన్న డబ్బాను మా బిడ్డ తన కంపెనీలో తయారు చేసింది. మొదటి పరీక్షకు మేనమామ సాంచానే అడిగింది. ఆయన కాదనలేకపోయాడు.

"గీ గుడ్డ సేటు తీస్కుంటడా? రేపు పొద్దున డబ్బా ఇప్పేస్త బిడ్డా. ఏమనుకోకు."

"తప్పు లేదని టూల్ చెప్పింది మామా."

"నీ టూల్ నా సాంచాను ఎన్నడన్న చూసిందా?"

ఆమె మొహం మాడ్చుకుంది. డబ్బా విప్పితే ఇంకో సాంచా దొరకదని ఆమెకు తెలుసు. నాకేమో ఆ టూల్ సంగతి తెలుసుకోవాలనిపించి కుర్చీ దగ్గరికి జరిపాను. ప్రోగ్రామును నడపకుండానే, రాసింది చదివి తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ అట.

"దారం తెగితే డబ్బా ఏం చేస్తది?" అని అడిగాను.

"ఓ గడిల మైనస్ ఒకటి రాస్తది బాపు. గడిల సున్నా కన్న తక్కువుంటే సాంచా ఆగాలె." గడి అంటే ప్రోగ్రాంలో అంకెను దాచే చోటు. ఆ గడి రకం పేరు చార్ అట.

నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి. మెట్‌పల్లి అంగట్లో మానెడు ఒక తీరు, నిర్మల్ అవతలి సంతల్లో అదే మానెడు ఇంకో తీరు. ఎక్కడికి పోయినా ముందు ఏ మానిక అని అడిగేవాణ్ణి. అలవాటు కొద్దీ ఇక్కడా అదే నోటికి వచ్చింది. "ఈ గడి ఎవరి కొలత? నీ లాప్‌టాప్‌దా, డబ్బాదా?"

"రెండింట్ల ప్రాసెసర్లు వేరే గని, చార్ అంటే..." అని ఆగిపోయింది.

"డబ్బాల ఏ ప్రాసెసర్ ఉందో టూల్‌కు చెప్పినవా?"

"చెప్పలే. చెప్పకుంటే లాప్‌టాప్‌దే అనుకుంటది."

బామ్మర్ది నవ్వాడు. "అంటే నా సాంచా పరీక్ష నీ లాప్‌టాప్ రాసింది. పాసైంది. శెబ్బాష్!"

ఆమె సెట్టింగుల్లో డబ్బా ప్రాసెసర్‌ను ఎంచుకుంది. తెర నిండా హెచ్చరికల పసుపు గీతలు. ఆ ప్రాసెసర్‌కు కావలసిన ఫైళ్లు టూల్‌కు దొరకలేదట. అవి ఎక్కడున్నాయో చూపించాక ఒక్క గీత మిగిలింది: ఈ షరతు ఎన్నడూ నిజం కాదు.

లాప్‌టాప్‌లో చార్ గడికి మైనస్ తెలుసు. డబ్బాలో అదే చార్‌కు మైనస్ లేదు. మైనస్ ఒకటి వేస్తే రెండు వందల యాభై ఐదు అయి కూర్చుంటుంది. ఇక అది సున్నా కన్నా తక్కువ ఎట్లా అవుతుంది?

"రెండిట్ల ఏది ఒప్పు?"

"రెండూ ఒప్పే బాపు. ఎటన్న పెట్టుకోవచ్చని ప్రోగ్రాం రాసే భాషే ఇడిసిపెట్టింది."

ఇది నాకు వింతగా అనిపించింది. రెండు కొలతలు ఒప్పయితే మేము కేసు ఎవరి మీద రాయాలి? "మరి మేం మానికకు వేసినట్టు ముద్ర వేసుడు లేదా?"

"ఉంది," అంటూ చార్ ముందు సైన్డ్ అనే మాట చేర్చింది. ఇప్పుడు ఎక్కడైనా ఆ గడికి మైనస్ ఉంటుంది. లాప్‌టాప్ కొలతతో ఒకసారి, డబ్బా కొలతతో ఒకసారి చూపించింది. టూల్ రెండుసార్లూ తప్పు పట్టలేదు.

"సాంచా ఆగితే నమ్ముత," అన్నాడు బామ్మర్ది.

తెల్లవారి బస్సులో సిరిసిల్ల పోయాం. విప్పడం సులువుగా ఉంటుందని ఆయన డబ్బాను తాడుతో కట్టి ఉంచాడు. మా బిడ్డ కొత్త ప్రోగ్రాం ఎక్కించి, పడుగులో ఒక దారం కత్తిరించింది. సాంచా ఆగింది. బామ్మర్ది దారం అతికించి మళ్లీ నడిపాడు. ఆమె అటు తిరిగినప్పుడు అంచు దగ్గర ఇంకో దారం తెంపాడు. అప్పుడూ ఆగింది.

తాడును వేలితో లాగి చూశాడు.

"బావా, జర బజారుకు పోదాం పా. దీనికి బోల్టులు తేవాలె."