ఆగమ్మ కట్టిన కట్టు

ఆగమ్మను వాళ్ల నాయన ఆ దవాఖానలో వదిలిపోయేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. చాంద్రాయణగుట్ట అవతల ఎత్తైన గోడ, ఇనుప గేటు, చుట్టూ తుమ్మ చెట్లు. కుష్ఠురోగులది కాబట్టి పెద్దరోగం దవాఖాన అనేవారు అందరూ. బిస్కెట్లు తెస్తానని బయటికి వెళ్లిన నాయన మళ్లీ రాలేదు. మందులతో జబ్బు నయమైంది గానీ, అప్పటికే కుడిచేతి చివరి రెండు వేళ్లు మొండివయ్యాయి. నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఊరికి వెళ్తే వదిన వాకిట్లోనే చాప పరిచి ఆకులో అన్నం పెట్టింది. మర్నాడే ఆగమ్మ తిరిగొచ్చేసింది.

ఇరవయ్యో ఏట కట్లు కట్టే పని నేర్చుకుంది. ఈ జబ్బు చేసినవాళ్ల పాదాలకు స్పర్శ ఉండదు. మేకు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. పుండు పడితే ఎముక దాకా పోతుంది. ఆగమ్మ ఆ పాదాలను నీళ్లలో నానబెట్టేది, పుండు అంచున గట్టిపడిన చర్మం గీకి తీసేది, నూనె రాసి కట్టు కట్టేది. నలభై ఏళ్లలో ఎంతమంది కాళ్లు నిలబెట్టిందో ఆమెకే తెలియదు. అక్కడే వార్డుబాయ్‌గా పనిచేసిన సామ్యూల్‌ను పెళ్లాడింది. అతను పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు.

రెండేళ్ల కిందట ట్రస్టువాళ్లు దవాఖానను సర్కారుకు అప్పగించారు. తుమ్మ చెట్లు కొట్టేశారు, గోడ సగానికి దించారు, అన్ని జబ్బులకూ వైద్యమని బోర్డు పెట్టారు. ఒకప్పుడు ఆ గేటు దగ్గర ఆటో ఆపడానికి కూడా జంకినవాళ్లు ఇప్పుడు పొద్దున ఆరింటికే ఓపీ చీటీల కోసం వరుస కడుతున్నారు. పాతవాళ్లలో మిగిలిన ఏడుగురినీ వెనక రేకుల షెడ్డులోకి మార్చారు. ఆ ఏడుగురిలో ఆగమ్మ ఒకతె. ఎందుకంటే సిబ్బంది రిజిస్టర్లో ఎంత వెతికినా ఆమె పేరు దొరకలేదు. రోగుల రిజిస్టర్లో దొరికింది.

కొత్తగా వచ్చిన డాక్టరు వేణుగోపాల్ మాత్రం ఆమె పనితనం గమనించాడు. షుగర్ ముదిరి పాదాలకు పుండ్లు పడినవాళ్లతో ఓపీ నిండిపోతోంది. స్పర్శ ఏ జబ్బుతో పోయినా పాదం పాదమే కదా.

"ఆగమ్మా, నువ్వు డ్రెస్సింగ్ రూంల ఉండు. కాని చేతులు..." అని ఆగిపోయాడు.

"సమజైంది సార్," అంది ఆగమ్మ.

గ్లవుజు తొడుక్కుంటే రెండు వేళ్లు ఖాళీగా వేలాడేవి. వాటిలో దూది కూరుకుంది. మొహానికి మాస్కు ఎలాగూ ఉంది.

అలా వచ్చింది ఆమె ముందుకు బుచ్చమ్మ. పక్క గల్లీలోనే వాళ్ల బర్రెల కొట్టం, పాల వ్యాపారం. ఆగమ్మకు ఆమె బాగా తెలుసు. పాలకు వెళ్తే తన చెంబు ఆగమ్మ గిన్నెకు తగలకుండా పైనుంచి ధార పోసిన మనిషి. బుచ్చమ్మ మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు.

ఎడమ పాదం కింద రూపాయి బిళ్లంత పుండు. ఎనిమిది వారాల్లో సగానికి తగ్గింది.

"ఎంత మెత్తటి చెయ్యి చెల్లె నీది! నన్ను గిట్ల చూసుకున్నోళ్లు లేరు," అంటూ ఒకరోజు డబ్బాలో వెన్న తెచ్చిచ్చింది.

ఆ మాటకు ఆగమ్మకు సంతోషం కలిగింది. సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒక మంగళవారం కత్తెర మొన తగిలి గ్లవుజు చిరిగింది. తడిసిన దూది ఊడి బేసిన్‌లో పడింది. బుచ్చమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత మాస్కు పైన కళ్లను చూసింది.

"నువ్వు గా పెద్దరోగం ఆగివి కదనే!"

కాలు విసురుగా లాక్కునేసరికి బేసిన్ బోర్లాపడింది.

"నాకు నయమై నలభై ఏండ్లు దాటింది అక్కా. ఎవ్వలకూ అంటదు."

"అక్కా గిక్కా అనకు నన్ను!"

సాయంత్రానికి బుచ్చమ్మ కొడుకు బాలనర్సింహ పదిమందిని వెంటేసుకొచ్చి లొల్లి చేశాడు. "ఏంది సార్ ఇది? సర్కారు దవాఖాన అని వస్తే గా రోగమోళ్లతోని కట్లు కట్టిస్తరా?" వేణుగోపాల్ కాసేపు నచ్చజెప్పబోయాడు. తర్వాత తప్పయిందని ఒప్పుకున్నాడు. తలుపు వెనక నిలబడ్డ ఆగమ్మకు ఆ లొల్లి కన్నా డాక్టరు తప్పు ఒప్పుకోవడమే లోపల గుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆమెను డ్రెస్సింగ్ రూంలోకి ఎవరూ పిలవలేదు.

బుచ్చమ్మ దవాఖానకు రావడం మానేసింది. పాదానికి గుడ్డ చుట్టుకుని బర్రెల మధ్య పేడలో తిరిగింది. రెండు నెలలకు వేరే దవాఖానలో ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బాలనర్సింహ ఒక్కడే షెడ్డు దగ్గరికి వచ్చాడు. తలెత్తకుండా మాట్లాడాడు.

"అమ్మకు కుడికాలికి గూడ పుండు లేసింది. నువ్వే కావాలంటుంది. జర ఇంటికొచ్చి చూడు ఆగమ్మా."

ఆగమ్మ లేచి కత్తెర, గాజుగుడ్డ, నూనె సీసా సంచిలో వేసుకోసాగింది. అప్పుడన్నాడు అతను:

"వెనక దర్వాజకెళ్లి రా. ముంగట పాలు కొనేటోళ్లు ఉంటరు. నిన్ను చూస్తే గిరాకీ పోతది."

ఆగమ్మ సంచి కింద పెట్టింది.

"ముంగటి దర్వాజకెళ్లి పిలుస్తే వస్త. లేకుంటే రాను."

"గట్లంటే ఎట్ల? అవతల ముసల్ది ఏడుస్తుంది."

"నేను గూడ మస్తు ఏడ్సిన నర్సింహా. ఎవలొచ్చిండ్రు?"

అతను వెళ్లిపోయాడు.

మళ్లీ వస్తాడేమోనని ఆగమ్మ నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు తానే గల్లీ మొదటి దాకా నడిచింది. పాల క్యాన్ల ముందు జనం గుమిగూడి ఉన్నారు. గడప మీద కూర్చున్న బాలనర్సింహ ఆమెను చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె వెనుదిరిగింది.

వానలు మొదలయ్యేలోపే షెడ్డు పడగొట్టి బండ్లు నిలపడానికి నేల చదును చేశారు. ఏడుగురినీ వ్యాన్‌లో ఎక్కించి నగరం బయట ఒక ఆశ్రమంలో దించారు. అక్కడ కూడా పొద్దున్నే మిగతా ఆరుగురి పాదాలూ ఆగమ్మే కడుగుతుంది, ఆమే కట్లు కడుతుంది. బుచ్చమ్మ రెండో కాలు కూడా తీసేశారని తెలిసిన రోజు, వాళ్లలో రాజమణి అనే ఆమె కాలు చాపుకుని కూర్చుని అడిగింది.

"ఆనాడు వెనక దర్వాజకెళ్లి పోతే ఏం పోతుండె ఆగవ్వా? గా రెండో కాలన్న మిగులుతుండె గద."

"నన్నెందుకు అడుగుతవ్? పోయి వాళ్లను అడుగు!" అని కసిరింది ఆగమ్మ. కట్టు ముడి ఎంత గట్టిగా బిగించిందంటే, విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ రోజు అన్నానికి లేవలేదు.