ఎమిల్ చేతులు

ఎమిల్ హ్రుస్కా చేతులు చూస్తే ఎవరైనా కాస్త వెనక్కి జరుగుతారు. ఒక్క వేలూ తిన్నగా లేదు. బూట్ల మేకుల కింద నలిగినవి కొన్ని, అవతలివాడి హెల్మెట్ కమ్మీల్లో ఇరుక్కుని విరిగినవి కొన్ని. పుట్టింది ఒహాయోలో ఉక్కు కొలుముల ఊరు. తండ్రి బెల్టుతో మాట్లాడే రకం. తిన్న దెబ్బలన్నీ ఎమిల్ ఫుట్‌బాల్ మైదానంలో తిరిగి ఇచ్చేశాడు. కాలితో తన్నే ఆట కాదది, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ బంతిని చేత్తో విసిరే అమెరికా ఆట. ఆ కసి చూసి పెద్ద జట్టువాళ్ళు ఎగరేసుకుపోయారు.

అక్కడ అతని పని ఒక్కటే. బంతి విసిరే కోల్ టాలివర్‌కి ముందు నిలబడి, వాడి మీదికి వచ్చినవాణ్ణల్లా పడగొట్టడం. టాలివర్ విసిరితే ఊళ్ళు ఊగిపోయేవి. ఆ విసురు కోసం ఎమిల్ తన పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు, ఎదుటివాళ్ళవీ విరిచాడు. రక్తం ఉమ్మేసి మళ్ళీ వంగి నిలబడేవాడు. ముందు వరసవాడు ఎదుటివాణ్ణి గుద్దొచ్చు, తొయ్యొచ్చు, చేత్తో పట్టి ఆపకూడదు. అందుకే రిఫరీ ఇటు చూడగానే రెండు చేతులూ విప్పి పైకెత్తేవాడు, నేనెవర్నీ పట్టుకోలేదు మహాప్రభో అన్నట్టు. ఆ వరసలో ఆడినవాళ్ళకి నిద్రలో కూడా వదలని అలవాటది.

ఒక ఆట ఓడి వచ్చిన రోజు, తలుపులు మూసిన బార్‌లో వాళ్ళిద్దరూ, గ్లాసులు తుడుస్తున్న లోనీ తప్ప ఎవరూ లేరు.

"ఆ ఆఖరి బంతి మా అమ్మమ్మ విసిరినా ఇంకాస్త దూరం పోయేది," అని నవ్వుతూ లోనీ అటు తిరిగాడు.

టాలివర్‌కి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ మాట పడే గుణం మాత్రం ఇవ్వలేదు. వెనకనుంచి బీరు సీసాతో లోనీ తల పగలగొట్టాడు. స్పృహ తప్పి పడినవాడి మొహాన్ని గాజుపెంకుల మీద బూటుతో తొక్కాడు. ఎమిల్ టాలివర్‌ని ఎత్తి గోడకి విసిరేసే లోపే లోనీకి ఒక కన్ను పోయింది.

పోలీసులు వచ్చేసరికి నెత్తురు ఎమిల్ చేతులకే ఉంది. లోనీ మొహానికి తువ్వాలు అదిమి పట్టుకున్నది అతనే మరి. "ఒరేయ్ ఎద్దూ, నన్ను కాపాడరా. ఆట మానేసిన రోజున నిజం నేనే చెప్తా, ఒట్టు," అని టాలివర్ చెవిలో గొణిగాడు. "నేనే కొట్టాను," అన్నాడు ఎమిల్. వెర్రిబాగులతనానికి కూడా ఒక హద్దుండాలి.

జైలు నుంచి వచ్చాక ఏ జట్టూ గడప తొక్కనివ్వలేదు. పెళ్ళాం వెళ్ళిపోయింది. దారిలో చెడిపోయిన కార్లను లాక్కొచ్చే ట్రక్కు నడుపుతూ ముసలివాడయ్యాడు. టాలివర్ ఆట మానేశాడు, ఒట్టూ మానేశాడు. ఎమిల్ కూతురు డానికాకి కొడుకు పుట్టాడు. చూడ్డానికి వెళ్తే ఆమె పిల్లవాణ్ణి ఎమిల్ చేతికి ఇవ్వలేదు.

"ఏమీ అనుకోకు నాన్నా. నీ చేతులు చూస్తే నాకు ఆ లోనీ కన్నే గుర్తొస్తుంది."

"నేను కొట్టలేదమ్మా."

"జైలుకెళ్ళొచ్చిన ప్రతివాడూ అదే అంటాడు."

ఆ మాట సీసా దెబ్బకన్నా గట్టిగా తగిలింది. మనవణ్ణి ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు.

ఇంతలో టాలివర్‌కి రోస్ట్ పెట్టారు టీవీవాళ్ళు. పేరున్నవాణ్ణి వేదిక మీద కూర్చోబెట్టి, స్నేహితులంతా జోకులేసి వాడి పరువు తీసి గుమ్మానికి వేలాడదీస్తారు. వాడు పళ్ళికిలించి నవ్వుతూనే ఉండాలి. ఆఖర్న మైకు వాడిది. "నా వంతు రాగానే నిజం చెప్పేస్తాన్రా ఎద్దూ, నువ్వు వచ్చి పక్కన కూర్చో," అని టాలివర్ ఫోన్ చేశాడు. ఎమిల్ నమ్మాడు. డానికాని బతిమాలి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

టాలివర్ విడాకుల్నీ, అతికించుకున్న జుట్టునీ చీల్చి చెండాడారు. ఒక హాస్యగాడైతే పంచదారతో చేసిన ఉత్తుత్తి సీసా మరొకడి నెత్తిన పగలగొట్టాడు. టాలివర్ తొడలు చరుచుకుని నవ్వాడు. నవ్వడా మరి? జోకులన్నీ ముందే చదివి ఒప్పుకున్నవే. చివరికి మైకు తీసుకుని, "మా ఎమిల్ కూడా వచ్చాడండోయ్! బార్‌లో పనిచేసేవాళ్ళుంటే కళ్ళు జాగ్రత్త!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. డానికా లేచి నిలబడింది, వెళ్ళిపోవడానికి.

ఎమిల్ మైకు లాక్కున్నాడు. "లోనీని కొట్టింది నేను కాదు, వీడు!"

జనం ఇంకా నవ్వారు. నిజం చెప్పడానికి ఆ పిచ్చివాడికి దొరికిన చోటు అది. అక్కడ ఎవడేం చెప్పినా జోకే.

"వెనకనుంచి సీసాతో కొట్టాడు! పడిపోయినవాణ్ణి బూటుతో తొక్కాడు!" అని అరిచాడు ఎమిల్. జనం పొట్టలు పట్టుకున్నారు. "ఎందుకో తెలుసా? ఆ ఆఖరి బంతి మా అమ్మమ్మ విసిరినా ఇంకాస్త దూరం పోయేదన్నాడు లోనీ. ఆ ఒక్క ముక్కకి!"

ఆ రాత్రంతా అంత నవ్వు ఏ జోకుకీ రాలేదు. ముందుగా తను ఒప్పుకోని మాటకి అంతమంది తనని చూసి నవ్వడం టాలివర్ తట్టుకోలేకపోయాడు. బల్లమీది షాంపేన్ సీసా అందుకుని ఎమిల్ తల పగలగొట్టాడు. అది పంచదార సీసా కాదు. ఎమిల్ మోకాళ్ళ మీద పడ్డాడు. టాలివర్ అతని మొహం మీద తన్నాడు, మళ్ళీ తన్నాడు. పన్ను ఒకటి ఎగిరి వేదిక అంచున పడింది. ఒక్క గుద్దుకి టాలివర్‌ని చంపగల మనిషి ఎమిల్. అతని రెండు చేతులూ మాత్రం విప్పుకుని పైకి లేచాయి, రిఫరీ చూస్తున్నాడన్నట్టు.

జనం ఇదంతా ఆటలో భాగమనుకుని ఈలలు వేశారు. డానికా ఒక్కతే మెట్లెక్కి పరిగెత్తింది. టాలివర్‌ని రెండు చేతులా తోసేసింది. వాడు వెనకున్న కుర్చీ తగిలి వెల్లకిలా పడ్డాడు. తన కోటు విప్పి తండ్రి తలకి అదిమిపట్టింది.

"చేతులు దించు నాన్నా."

"నేను ముట్టుకోలేదమ్మా వాణ్ణి."

"చూశాను. అన్నీ చూశాను." ఏడుస్తూ ఆ వంకర వేళ్ళని పట్టి కిందికి లాగింది. "ఆదివారం ఇంటికి రా. పిల్లాణ్ణి ఎత్తుకుందువుగాని."

ఎన్ని ఎముకలు విరిగినా ఏడవని మనిషి అక్కడే కూలబడి భోరుమన్నాడు. జనం దానికి కూడా చప్పట్లు కొట్టారు.