కోర్టు లేచేదాకా పడిన శిక్ష

మద్యనిషేధం గట్టిగా ఉన్న రోజులవి. తడకు తూర్పున, సముద్రం పక్కనున్న మా ఊళ్లో సరుగుడు తోపుల మాటున సారా కాచేవాళ్లు. మా నాయనా కాచేవాడు. ఒకనాడు పోలీసులు వస్తున్నారని తెలిసి ఆయన పారిపోయాడు. పొయ్యి దగ్గర మా అక్క దొరికిపోయింది.

"ఎవురిది?" అని అడిగితే "నాదే" అంది. కోర్టులోనూ అదే మాట. కోర్టు లేచేదాకా అక్కడే నిలబడమని శిక్ష వేశారు. సాయంత్రం ఇంటికొచ్చి మామూలుగా పులుసు కాచింది. అంతటితో పోయిందనుకున్నాం. తర్వాత అక్క పెళ్లయింది. బావకు ఈ సంగతి చెప్పలేదు.

బావ అక్కను మా ఇంట్లో ఉంచి మలయాలో రబ్బరు తోటలో పనికి వెళ్లాడు. అక్కను కూడా తీసుకుపోవాలని పాస్‌పోర్టుకు పెట్టించాడు. విచారణకు హెడ్ కానిస్టేబులు వచ్చాడు. మజ్జిగ తాగుతూ నెమ్మదిగా అడిగాడు.

"నీ మింద కేసేమన్నా ఉండాదా తల్లీ?"

అమ్మే అందుకుంది. "ఎప్పుడో పెళ్లికి ముందు మాట సార్. అయిపోయినాది గదా."

"మీకయిపోయినాది. మాకాడ ఉండనే ఉంటాది" అని గ్లాసు కింద పెట్టి లేచాడు.

మర్నాడు నాయన ఉండబట్టలేక స్టేషనుకు పోయి, సారా కాచింది తనేనని, బిడ్డది తప్పేం లేదని చెప్పుకున్నాడు. వాళ్లు కూర్చోబెట్టి అంతా విన్నారు. "అయితే ఆ పొద్దు దొరక్కండా పోయింది నువ్వేనన్నమాట" అని మాత్రం అన్నారు.

పాస్‌పోర్టు రాలేదు. పోలీసులు మాత్రం రాసాగారు. చుట్టుపక్కల ఎక్కడ సారా పట్టుబడినా ముందు మా ఇంటికే వచ్చి, బియ్యపు కుండల్లో కూడా చేతులు పెట్టి వెతికేవాళ్లు. వాళ్లు వెతికినంతసేపూ అక్క వాకిట్లో నిలబడాలి. అనుమతి రాలేదని తప్ప బావకు ఇంకేమీ చెప్పలేదు మేము.

చూసి చూసి బావే వెనక్కి వచ్చేసి నాయుడుపేటలో కాపురం పెట్టాడు. నేను వాళ్లింటికి వెళ్లిన కొద్దిరోజులకే ఒక కానిస్టేబులు వచ్చి, వీధిలో నిలబడి అక్కను పేరు పెట్టి పిలిచాడు.

"ఎవరే?" అన్నాడు బావ, అన్నం ముందు కూర్చుని.

అక్క బయటికి నడిచింది. ఆ పాత సారా కేసు గురించి కానిస్టేబులు అడిగినవన్నీ లోపలికి వినబడుతూనే ఉన్నాయి. బావ చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి మా ఊరు రావడం మానేశాడు. పట్టపగలు కూడా వీధి తలుపుకు గడియ పెట్టే ఉంచేవాడు.