రాజవ్వ చూసిన రాయి

రాజవ్వ కంటిచూపు గురించి బీదర్ దగ్గరి చిమ్కోడ్‌లో ఒకప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునేవారు. చేను గట్టు మీద నిలబడి, దూరంగా రోడ్డు మీద బస్సు దిగిన మనిషి ఎవరి అల్లుడో నడకను బట్టి చెప్పేది. మంద ఇంటికి మళ్ళుతుంటే ఒక మేక తక్కువుందనేది. లెక్కపెడితే తక్కువే ఉండేది. బడి ముఖం చూడలేదు, వేలిముద్రే ఆమె సంతకం. అయినా గట్టు తగాదా వచ్చిందంటే పెద్దమనుషులు ముందు అడిగే మాట, "రాజవ్వ చూసిందా?" అని. చూశానంటే ఇక వాదన లేదు. ఆమెకున్న ఆస్తి రెండెకరాల చేను, ఆ మాట.

ఆ మాటను పోగొట్టింది నేను. నా పేరు శ్రీహరి. మాది జహీరాబాద్. ఉద్యోగం కోసం బీదర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన సైన్సు మాస్టారిని. అప్పుడు నేను పనిచేసిన బడి పేరు చెప్పను. తప్పు బడిది కాదు.

తొమ్మిదేళ్ళ కిందటి ఎళ్ళ అమావాస్య అది. ఆ రోజు మా వైపు ఊళ్ళో మనిషన్నవాడు కనిపించడు, అందరూ చేలల్లోనే. జొన్నచొప్పతో చిన్న గుడిసె వేసి, లోపల అయిదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని నిలబెడతారు. పూజయ్యాక అన్నం, కూర కలిపి చేనంతా చల్లుతారు. అది నేలతల్లి వాటా. ఆ తర్వాత అంబలి, గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జీ, సజ్జరొట్టెలు ముందేసుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా ఎవరూ లేవరు. ఆ మధ్యాహ్నం అందరూ తింటుండగా ఆకాశంలో పెద్ద చప్పుడైంది. ఒక్కరూ తల ఎత్తలేదు. బీదర్‌లో ఎవరూ ఎత్తరు. శిక్షణ విమానాలు ఏళ్ళ తరబడి మా నెత్తి మీదే ఉరుముతుంటాయి, వాటికి తల ఎత్తుతూ కూర్చుంటే మెడలు మిగలవు.

చూసింది రాజవ్వ ఒక్కతే. అన్నం చల్లుతూ చేను మూలన నిలబడి ఉంది. ఏదో వచ్చి శనగ మొక్కల మధ్య పడింది. వెళ్ళి, మట్టిలో చెయ్యి పెట్టి తీసింది. పిడికిలంత రాయి. పండగ పూట పైనుంచి వచ్చినదాన్ని పారేస్తారా? కడిగి, సున్నం పూసి, కుంకుమ పెట్టి, అయిదుగురి పక్కన ఆరోవాడిగా నిలబెట్టింది.

మూడో రోజు ఆ రాయిని చెంగున కట్టుకుని మా బడికి వచ్చింది. ఆమె మనవరాలు అక్షర నా తొమ్మిదో తరగతిలోనే ఉండేది.

"సారూ, ఇది మీదికెళ్ళి పడ్డది. ఏందో మీకు ఎరుకుంటదని తెచ్చిన," అంది.

చాలాసేపు చెప్పింది. ఏ దిక్కు నుంచి వచ్చింది, వెలుగు ముందా చప్పుడు ముందా, ఎన్ని ముక్కలైంది, పొగ గీత ఎంతసేపు నిలిచింది, అన్నీ వరసగా, సాక్ష్యం చెప్పినట్టే చెప్పింది. నేను హాజరుపట్టీలో టిక్కులు పెట్టుకుంటూ విన్నాను. విన్నాననడం కూడా అబద్ధమే. ఆమె ఎప్పుడు ముగిస్తుందా అని చూశాను.

"ముట్టుకుంటే చెయ్యి కాలలేదా అవ్వా?" అన్నాను.

"లేదు సారూ. సల్లగుండె. మట్టిలకెళ్ళి తీసి సెంగుల వెట్టుకున్న."

నేను నవ్వాను. ఆమె చెప్పింది తెలుగులో. తరగతిలో సగం మంది కన్నడ పిల్లలు. వాళ్ళకు అర్థం కాకుండా పోతుందేమోనని ఆ మాటను కన్నడంలోకి మార్చి మరీ వినిపించాను: ఆకాశం నుంచి మండుకుంటూ వచ్చిన రాయి చల్లగా ఉందట, అవ్వ చెంగులో పెట్టుకుందట. తరగతి గొల్లుమంది. అక్షర ఒకసారి నా ముఖం చూసి, తనూ నవ్వింది.

అయస్కాంతం తెచ్చి పెడితే రాయికి టక్కున అతుక్కుంది. అప్పుడైనా ఆగాల్సింది. "బెల్లం బట్టీలో బూడిద కరిగి గడ్డకట్టిన చిట్టెం ఇది. చిట్టెంలో ఇనుము ఉంటుంది, అందుకే అతుక్కుంది," అని తేల్చేశాను. చుట్టూ చెరుకు ఊళ్ళు, ఎక్కడ చూసినా బట్టీలు. ఏ గడ్డ కనిపించినా బట్టీదనడం మాకు అలవాటు. ఆ సున్నం గోటితో గీకి చూడలేదు. ఒక మూల ఆకురాయితో రుద్ది లోపలేముందో చూడలేదు. పంచపాండవులంటే మంచం కోళ్ళలా ముగ్గురని రెండు వేళ్ళు చూపించినవాడి తెలివి నాది. ఉల్కల గురించి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో అర పేజీ. ఇంకో నిజం కూడా ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్యాంటు, చొక్కా వేసుకున్న మనిషి ఎవరైనా తెచ్చి ఉంటే ఆ మూల రుద్ది చూసేవాణ్ణే.

ఆమె రాయిని నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకున్నాను. ఆ గది నేల తవ్వి మళ్ళీ వేసినప్పుడు, కింద నింపే కంకరలో పోయింది.

పిల్లల నవ్వు సాయంత్రానికే ఊరికి చేరింది. "అవ్వా, ఆరో పాండవుడు మంచిగున్నడా?" అని అడగడం మొదలైంది. ఆ ఎండాకాలం ఒక గట్టు తగాదాలో ఆమె నోరు విప్పబోతే, "రాజవ్వ చూసిందా? అయితే గట్టు కూడా మీదికెళ్ళే పడ్డదేమో," అన్నాడట ఎవడో. ఆ తర్వాత ఆమె ఏ పంచాయతీకీ రాలేదని విన్నాను. నాకు ఏమీ అనిపించలేదు.

ఈ ఏడు హైదరాబాద్ నుంచి సోనాలి అనే పరిశోధక విద్యార్థిని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బీదర్ దగ్గరే మన్నళ్ళి శివారులో నాగలికి తగిలిన నల్ల రాయిని పరీక్షిస్తే అది ఉల్కదేనని తేలిందట. చుట్టుపక్కల ఊళ్ళు తెలిసిన సైన్సు మాస్టారినని ఎవరో నా పేరు చెప్పారు. పడి ఎన్నో ఏళ్ళు కాలేదు, పడుతుండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"చూసినవాళ్ళుంటే ఆ రాయికి తేదీ, దారి దొరుకుతాయండీ. అలాంటివాటిని వేరుగా లెక్కిస్తారు. లేకపోతే ఎప్పుడో పడింది, ఎవరికో దొరికింది, అంతే."

నేను అడిగాను. "పడినప్పుడు కాలుతుంటుంది కదా?"

"అందరూ అలాగే అనుకుంటారు. మండేది పైపొరే, అదీ కొన్ని సెకన్లు. మాడిన రొట్టె మీద పెచ్చులాగా పలచటి నల్లపొర కడుతుంది. లోపలి రాయి లక్షల ఏళ్ళుగా చలిలో ఉన్నది. వేగం తగ్గి, వెలుగు ఆరిపోయాక, చివర కొన్ని మైళ్ళు చల్లగాలిలో ఊరికే పడుతుంది. చాలావరకు చల్లగానో, గోరువెచ్చగానో ఉంటుంది."

నాకు తల ఎత్త బుద్ధి కాలేదు. రాజవ్వ తెచ్చింది ఆ రాయి ముక్కే అయి ఉండాలి. ఒక అవ్వ చూసిందని మాత్రం చెప్పి చిమ్కోడ్ తీసుకెళ్ళాను. మిగతాది దారిలో చెప్పలేదు.

రాజవ్వ ముంగిట్లో చాటతో కందులు చెరుగుతోంది. గుర్తుపట్టి, మంచం చూపించింది. కూర్చోలేకపోయాను.

"అవ్వా, ఆ రాయి నిజంగనే ఆకాశంకెళ్ళి పడ్డదట. నేనే తప్పు చెప్పిన. నలుగుర్ల నవ్విచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.

"అట్లనా," అంది. చాట పక్కన పెట్టింది. సోనాలి ప్రశ్నల కాగితం తీసి పక్కన కూర్చుంది.

"ఏ దిక్కు నుంచి వచ్చిందవ్వా?"

"నాకేం ఎరుక బిడ్డా. నేను సూడలే."

"సారుతో చెప్పావట కదా?"

"చెప్పిన. మంది నవ్వినంక ఇంట్ల గూసోని మల్ల మల్ల యాది జేసుకున్న. సల్లగుండెనా, కాలెనా అని. సారు సదువుకున్నోడు, కాలాలె అనె. కాలిన రాయిని సెంగుల వెట్టుకుంటే సెంగు కాలాలె. కాలలే. అంటే నేను సూడనే లేదు, ఉత్తగ అనుకున్న అన్నట్టు. గట్లనే మనసుకు జెప్పుకుంట వచ్చిన. ఇప్పుడేం యాదికి లేదు."

సోనాలి నా వైపు తిరిగింది. "మీకు చెప్పింది కదండీ. మీకేం గుర్తుంది?"

దిక్కు గుర్తులేదు. ముక్కలెన్నో గుర్తులేదు. పొగ గీత సంగతి చెప్పిందని తెలుసు, ఏం చెప్పిందో తెలియదు. నాకు గుర్తున్నది నేను నవ్విన మాట ఒక్కటే.

"చల్లగా ఉందని చెప్పింది," అన్నాను.

రాజవ్వ సోనాలి చేతి మీద చెయ్యి వేసింది. "గా ముచ్చట రాయకు బిడ్డా. మీదికెళ్ళి మండుకుంట వచ్చింది సల్లగెట్లుంటది? సారు నా మీద పాపమని అట్ల జెప్తుండు."

కాదని ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. సోనాలి కలం మూత పెట్టింది. మన్నళ్ళి రాయి వివరాలు నాకు ఆ తర్వాత పంపింది. బరువు, రకం, దొరికిన చోటు అన్నీ ఉన్నాయి. పడుతుండగా చూసినవారు ఎవరూ లేరని రాసి ఉంది.