పూజ పీట మీది తుపాకి

తుపాకుల గురించి మా ఇంట్లో నాకంటే గట్టిగా మాట్లాడేవాళ్ళు లేరు. మాట్లాడనివ్వను కూడా. సుంగై సుమున్ అనే ఊరి దగ్గర మా పామాయిల్ తోట చూసేది నేను. లేత మొక్క నాటిన మర్నాటికల్లా దాని మొవ్వు తవ్వి తినిపోయే అడవిపందులతో వేగేది నేను. మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టుల మనిషి. ఇంట్లో ఉంటే నిద్ర, లేకపోతే డ్యూటీ. పందుల్ని కొట్టేది మా మావగారు. ఆయన పేరున లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకి ఒకటుంది. మలేసియాలో అదేమీ ఆషామాషీ వ్యవహారం కాదు. ఏటా పోలీసుల దగ్గర లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి. ఆయన తప్ప ఇంకెవరు పట్టుకున్నా జైలే. అంచేత ఇన్నేళ్ళ కాపురంలో ఆ తుపాకి బరువెంతో నాకు తెలియదు. అలాగని దానిమీద పగేమీ లేదు. అది లేకపోతే మా తోట ఎప్పుడో పందులపాలయ్యేది.

క్లాంగ్ పట్నంలో ఉండే మా మరిది వరస వేరు. ఫోన్లో అమెరికా వీడియోలు చూస్తాడు. అక్కడ దుకాణాల్లో రైఫిళ్ళు గోడకు తగిలించి అమ్ముతారని, ఒక తూటా పేలగానే రెండోది దానంతటదే ఎక్కి కూర్చుంటుందని, మీట నొక్కుతూ పోవడమే మన పని అని కళ్ళు పెద్దవి చేసి చెబుతాడు. మామూలు మనిషి చేతిలో అలాంటిది ఉండటం హక్కు అంటాడు. అప్పుడే దొంగకు భయం, సర్కారుకు మర్యాద ఉంటాయట. ఇవి వట్టి గొప్పలు కావు. అతని భార్య ఒంటరిగా ఉన్నప్పుడు ఇంట్లో దొంగలు పడ్డారు. మెడ మీద కత్తి పెట్టి తాళి తెంపుకుపోయారు. ఆ రోజు నుంచి అతని నోట ఇదే పాట. అతని భయం నాకు అర్థమవుతుంది. అయినా ఊరుకోను. ఇంటింటికీ రైఫిల్ ఉంటే దొంగ మాత్రం కత్తితో ఎందుకొస్తాడు, వాడూ రైఫిలే తెస్తాడు కదా అంటాను. నీకు దెబ్బ తగల్లేదు వదినా, అందుకే ఇన్ని కబుర్లు అంటాడు. ఇద్దరం తగ్గం. మావగారు మాత్రం నవ్వి ఊరుకుంటారు.

మొన్నటి ఆయుధ పూజకు మరిది భార్యనీ చిన్న కూతుర్నీ తీసుకుని వచ్చాడు. మా ఇంట్లో ఆ రోజు గెలలు కోసే కొడవళ్ళు, ఉలులు, మందు కొట్టే డబ్బా, మోటార్ సైకిలు, అన్నీ కడిగి బొట్లు పెట్టాల్సిందే. తుపాకికి వేరే పీట. దానికి మావగారిదే ఒక పద్ధతి. తుపాకిని నడుము దగ్గర మడిచి తెరిచి, గొట్టం ఖాళీ అని అందరికీ కనిపించేలా, మూతి గోడవైపు పెడతారు. బొట్టు కర్ర పిడి మీదే, ఇనుము మీద కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను చూసింది అదే.

ఈసారి నేను హారతి పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి తుపాకి మూసి ఉంది. మూతి మనుషులవైపు ఉంది. దానికెదురుగా చాప మీద మరిది కూతురు కూర్చుని, పీట మీది బంతిపూలు లాగి తుపాకి మీద సర్దుతోంది. మరిది పక్కనే నిలబడి మావగారికి రైఫిళ్ళ సంగతే చెబుతున్నాడు. పళ్ళెం కింద పడేసి పిల్లను రెక్క పట్టుకుని ఇవతలకు లాగాను. అది ఏడుపు లంకించుకుంది.

"మావా, ఓపాలి దాన్ని ఇప్పు," అన్నాను.

"ఏటే, కాళీదేలే. నాను సూసే ఎట్టినాను."

"ఇప్పు మావా."

విసుక్కుంటూ విప్పారు. లోపల తూటా ఉంది.

ముందు రోజు పందుల కోసం తోటకు వెళ్ళొచ్చి, అలాగే తెచ్చి పెట్టేశారు. ఆ తూటాను అరచేతిలో పెట్టుకుని, ఎవరో పరాయివాళ్ళు తెచ్చి పెట్టినట్టు చూశారు. మరిది తన కూతుర్ని ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

పూజ ఎలాగో అయిందనిపించాం. భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను, ఇక తుపాకి పోలీసులకు అప్పగించేద్దామని. మావగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా ఒక్క తప్పు జరిగిందా అని అరిచారు. ఈలోగా మరిది తేరుకున్నాడు. ఒకసారి వదులుకుంటే ఈ దేశంలో లైసెన్సు మళ్ళీ పుట్టదని, కావాలంటే తన పేరున అర్జీ పెడతానని అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ కూతురు ఎక్కడ కూసుందో సూసినావా లేదా? మీ నాన్నంత జాగర్త మనిషి ఈ చుట్టుపక్కల లేడు. ఆ మనిషికే ఇలాగైపోనాది. ఊరందరి సేతికీ ఇచ్చేద్దారంటావా?"

పందుల సంగతి నాకు వదిలేయమన్నాను. కంచె కట్టిస్తాను, అది చాలకపోతే లైసెన్సున్న వేరేవాళ్ళను పిలిపిస్తాను, తోట పోనివ్వను అన్నాను. నా మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. కానీ మావగారు నాతో మాట్లాడటం మానేశారు. కాఫీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకునేవారు కారు. నేనూ మెత్తబడలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆయనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకి సంచి భుజాన తగిలించుకుని, బలైకి వెళ్దాం పదమన్నారు. మావాళ్ళు పోలీస్ స్టేషన్‌ను అలాగే అంటారు. కారణం అడిగితే పందులు తగ్గాయని చెబితే చాలని దారిలో నేనే నేర్పాను. నలుగురిలో ఆయన పరువు పోవడం నాకిష్టం లేదు.

కౌంటర్ వెనకాల ఉన్న పోలీసాయన మర్యాదస్తుడు. ఎందుకు అప్పగిస్తున్నారు తాతగారూ అని మలయ్‌లో అడిగాడు. మావగారు నిటారుగా నిలబడి మలయ్‌లోనే జవాబిచ్చారు. తూటా తీయడం మర్చిపోయానని, ఎదురుగా తన మనవరాలు కూర్చుని ఉందని. పిల్ల పేరు కూడా చెప్పబోయి ఆగారు. పోలీసాయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మావగారు నా వైపు వంగి, తెలుగులో, మెల్లగా అడిగారు.

"ఆ పిల్ల పేరేటే, కోడలా?"

చెప్పాను. ఆయన ఆ పేరు పోలీసాయనకు గట్టిగా చెప్పి, తుపాకిని బల్ల మీద పెట్టారు.