సలోమి టీచర్ అడిగిన తోకచుక్క

మోండా మార్కెట్ వెనక సందులో, ఉల్లిపాయల గోడౌన్‌కూ జిరాక్స్ షాపుకూ మధ్య ఇరుక్కున్న ఫొటో స్టూడియో నాది. నా పేరు జకర్యా. ఇరవై తొమ్మిదేళ్లుగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తున్నాను. తెల్ల గుడ్డ ముందు కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఎత్తమని, నవ్వొద్దని చెబుతాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మొహం మీది మొటిమలూ మచ్చలూ తుడిచేస్తాను. రోజుకు నలభై మొహాలు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, నేను పక్కన కూర్చుని టీ తాగుతుంటాను.

ఇలాంటివాణ్ణి నలభై తొమ్మిదో ఏట ప్రకృతి ఫొటోగ్రాఫర్‌ని అయ్యాను. ఎవరూ బలవంతపెట్టలేదు. హిమాలయాలకు పోయే స్తోమత లేదు, అరకు పోయేంత సెలవు లేదు. కాబట్టి నేరేడ్‌మెట్‌లో మా ఇంటి నుంచి స్కూటర్ మీద అరగంటలో చేరగలిగినంత ప్రకృతే నా ప్రకృతి. మొదటిసారి రామకృష్ణాపురం చెరువు గట్టు మీద స్టాండు పాతి, కెమెరా బిగించి, ఒక కన్ను మూసి చూస్తున్నాను. పావుగంటలో పదిమంది పోగయ్యారు. వాళ్లలో ఒకావిడ నన్ను సర్వే ఆఫీసరనుకుని చేతులు జోడించి, "సార్, మా ఇల్లు చెరువులకు వస్తదా? కొలతలు జెర చూసి రాయండి," అంది. ఫొటో తీస్తున్నానమ్మా అంటే ఎవరూ నమ్మలేదు. చెరువుకు ఫొటో ఎవడు తీస్తాడు? చివరికి ఆమె ఇల్లు పోదని నేనే హామీ ఇచ్చి బయటపడ్డాను.

తర్వాత కంటోన్మెంట్ వైపు వెళ్లాను. మంచి చెట్లు, మంచి వెలుతురు, అడ్డం లేని ఆకాశం. మంచి దృశ్యం ఉన్న చోటల్లా ఫొటోలు తీయరాదన్న బోర్డు. కాపలా జవాను నన్ను మూడుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి నన్ను గుర్తుపట్టి పలకరించి మరీ పంపాడు. మౌలాలి గుట్ట మీద పున్నమి చంద్రుణ్ణి తీసి చర్చిలో చూపిస్తే, ఒక పెద్దమనిషి శ్రద్ధగా చూసి, "లైటు బాగా వచ్చింది బ్రదర్, ఎల్ఈడీయేనా?" అని అడిగాడు.

"ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కలేరు గానీ గుట్టలు మాత్రం ఎక్కుతారు," అంటుంది మా ఆవిడ ఆలిస్. అది నిజం. స్టూలంటే నాకు భయం.

నా ఫొటోలను ఓపిగ్గా చూసే మనిషి ఒక్కరే, సలోమి టీచర్. మా బిల్డింగ్‌లో కింది పోర్షన్‌లో ఒక్కరే ఉంటారు. ఎనభై రెండేళ్లు. ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్లు జాగ్రఫీ చెప్పారు. ఆలిస్ ఆవిడ దగ్గరే చదువుకుంది, ఇప్పటికీ టీచర్ కనిపిస్తే లేచి నిలబడుతుంది. నేను ఫొటో చేతిలో పెట్టగానే టీచర్ బాగుందో లేదో చెప్పరు. "ఇది సాయంత్రం అన్నావు. నీడలు పడమటికి పడ్డాయి. ఉదయం తీశావు కదూ?" అంటారు. ఔను, ఉదయమే తీశాను. సాయంత్రమంటే అందంగా ఉంటుందని అబద్ధం చెప్పాను.

అక్టోబరులో తోకచుక్క కనిపిస్తోందని పేపర్లో వేశారు. సూర్యుడు దిగాక గంటసేపు, పడమట. ఆ రోజే టీచర్ కబురు పంపారు.

"జకర్యా, ఎనభై ఆరులో హాలీ తోకచుక్క వచ్చింది. తెల్లవారుజామున అరవై మంది పిల్లల్ని బడి మేడ మీద వరుసలో నిలబెట్టాను. ఉన్నది ఒక్కటే బైనాక్యులర్స్. తోసుకోకుండా ఒక్కొక్కరికీ చూపించాను. నా వంతు వచ్చేసరికి తెల్లారిపోయింది," అన్నారు. "మర్నాడు చూద్దామనుకున్నాను. మబ్బు. ఆ తర్వాత ఎన్నేళ్లు పాఠం చెప్పానో, చూడకుండానే చెప్పాను. ఇప్పుడు ఈ మోకాళ్లతో మూడంతస్తులు ఎక్కలేను. నువ్వు ఫొటో తీసిపెట్టు, చూసుకుంటాను."

నన్ను ఒకరు ఒక ఫొటో కావాలని అడిగారు. అదీ నవ్వొద్దని చెప్పక్కర్లేని ఫొటో. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చొక్కా గుండీ కూడా ఆ మాటే చెప్పింది.

మర్నాడు సాయంత్రం చెరువు గట్టుకు బయలుదేరాను. పక్క జిరాక్స్ షాపు దుర్గేష్ కూడా వెంటపడ్డాడు, మిరపకాయ బజ్జీల పొట్లంతో సహా. సూర్యుడు దిగాడు. నేను వెతుకుతున్నాను. నా లెక్కలో తోకచుక్క అంటే ధగధగమని మెరిసే పెద్ద నక్షత్రం, కిందికి జాలువారే తోక. అలాంటిదేదీ పడమట లేదు.

"అన్నా, జెర తిను. ఆకాశం యాడికి పోదు," అని దుర్గేష్ ఒక బజ్జీ నా చేతిలో పెట్టాడు. తిన్నాను. ఆ చేత్తోనే లెన్సు సర్దాను. ఎందుకైనా మంచిదని పడమటివైపు ఆరు ఫొటోలు తీశాను.

స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఆరింటిలోనూ తాటిచెట్ల మీద, ఏటవాలుగా, తెల్లగా పులిమినట్టు ఒక మరక. వెంటనే కనిపెట్టేశాను. బజ్జీ నూనె. దుర్గేష్‌ని తిట్టుకుంటూ మరక తుడిచేశాను. ఆరింటిలోనూ. ఊపులో ఉన్నాను కదా, చుట్టూ ఉన్న చిన్న చిన్న చుక్కలు కూడా దుమ్మేమోనని తీసేశాను. శుభ్రమైన ఆకాశం వచ్చింది, ఇస్త్రీ చేసిన దుప్పటిలా. పాత పేరుతోనే సేవ్ చేశాను. షట్టర్ దించే ముందు కెమెరా కార్డు ఖాళీ చేశాను. ఇది నా నియమం. ఆడపిల్లల ఫొటోలు కూడా ఉంటాయి, ఎవరి మొహమూ నా దగ్గర రాత్రంతా పడి ఉండకూడదు.

సలోమి టీచర్‌కు ఏం చెప్పాలి? తోకచుక్క దొరకలేదని చెప్పొచ్చు. ఆ మాట అనడానికి నోరు రాలేదు. నేను కోటు లేనివాళ్లకు కోటు తొడిగినవాణ్ణి. పోయిన భర్తను పాత రేషన్ కార్డు ఫొటోలోంచి తెచ్చి భార్య పక్కన కూర్చోబెట్టినవాణ్ణి. ఒక తోకచుక్క నాకో లెక్కా? క్రిస్మస్‌కు మా బాల్కనీలో కట్టే నక్షత్రాన్ని, చర్చి కార్డుల మీద పశువుల పాక పైన వాలే నక్షత్రాన్ని తలుచుకున్నాను. దాన్నే తెచ్చి ఫొటోలో తాటిచెట్ల పైన అతికించి, కోణాలు తీసేసి గుండ్రంగా చేశాను. తోక మాత్రం అలాగే ఉంచాను, కిందికి, సరిగ్గా చెరువు మీదికి. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. నాకే కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఆలిస్‌ను కూడా వెంటబెట్టుకుని వెళ్లి టీచర్ చేతిలో పెట్టాను. ఆమె భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. మొహంలో వెలుగు వచ్చింది. నాకు గర్వం వచ్చింది. తర్వాత ఆ వెలుగు మెల్లగా పోయింది.

"సూర్యుడు ఎక్కడ దిగాడు?"

"ఇక్కడే టీచర్, ఈ తాటిచెట్ల వెనక."

"మరి తోక సూర్యుడి వైపు ఎందుకుంది?"

నేను ఆలిస్ వైపు చూశాను. ఆలిస్ అప్పటికే లేచి నిలబడింది.

"తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకు ఉంటుంది. ఎనిమిదో తరగతి పాఠం. ఆలిస్, నువ్వయినా చెప్పలేదా?"

"మర్చిపోయాను టీచర్," అంది మా ఆవిడ. ఆమెకు యాభై రెండేళ్లు.

టీచర్ ఫొటో మంచం మీద బోర్లా పెట్టారు. "దీన్ని నువ్వు గీశావు. బొమ్మలే కావాలంటే నా దగ్గర అట్లాస్ ఉంది జకర్యా. ముప్పై నాలుగేళ్లు బొమ్మే చూపించాను. అసలుది ఇలా మెరవదు. చాలా మసకగా ఉంటుంది, వేలితో పులిమినట్టు. అది చూద్దామనుకున్నాను."

వేలితో పులిమినట్టు. ఆ తర్వాత ఆమె ఏమన్నారో నాకు వినపడలేదు. ఆరు ఫొటోలు, తాటిచెట్ల మీద ఏటవాలుగా, పైకి. నలభై ఏళ్లుగా ఆమె ఎదురుచూస్తున్నదాన్ని నేను ఆరుసార్లు తీసి, ఆరుసార్లు తుడిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. దాచుకునే ధైర్యం కూడా లేక అక్కడే చెప్పేశాను, బజ్జీతో సహా. టీచర్ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంకా ఎన్నాళ్లు కనిపిస్తుంది?" అని మాత్రం అడిగారు. వారం కూడా ఉండదని పేపర్లో రాశారు.

రెండు రోజులు మబ్బు. దుర్గేష్‌కు సంగతి తెలిసి రెండు రోజులూ నవ్వాడు. "పరేషాన్ గాకన్నా. టీచరమ్మనే మేడ మీదికి తీస్కపోదాం. కుర్చీల కూసోపెట్టి ఎత్తుతే అయిపాయె," అన్నాడు మూడో రోజు. ఆ సాయంత్రం మబ్బు విడిచింది. ప్లాస్టిక్ కుర్చీలో టీచర్, ముందు దుర్గేష్, వెనక నేను, టార్చి పట్టుకుని ఆలిస్. రెండో అంతస్తు మలుపులో నా నడుము కలుక్కుమంది. "నన్ను దింపేసి కాస్త ఊపిరి తీసుకో," అన్నారు టీచర్. తీసుకోలేదు. పౌరుషం కాదు, మళ్లీ ఎత్తలేనని భయం.

పైకి చేరేసరికి చీకటి పడుతోంది. పడమట ఎదురింటి వాటర్ ట్యాంకు, దానికి కొంచెం పైన, అది. నిజంగానే వేలితో పులిమినట్టే ఉంది. నాకు మామూలు కళ్లకే కనిపించింది.

"టీచర్, ట్యాంకు పైన చూడండి."

ఆమె చూశారు. కళ్లజోడు తీశారు, తుడిచి పెట్టుకున్నారు, మళ్లీ చూశారు. తర్వాత చెయ్యెత్తి, "అదేనా? అదేగా?" అన్నారు. ఆమె వేలు చూపిస్తున్న చోట బేగంపేట వైపు పోతున్న హెలికాప్టర్ లైటు ఉంది. ఔనంటే అయిపోతుంది. ఆమె సంతోషంగా కిందికి దిగుతారు. నా నడుము కూడా సంతోషిస్తుంది.

"కాదు టీచర్. అది హెలికాప్టర్."

"మరి నాకు కనిపించడం లేదే," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆపరేషన్ అయిన కళ్లు, ఎంత వెతికినా అంత మసకను పట్టలేకపోయాయి. ఆలిస్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. దుర్గేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను స్టాండు విప్పాను. చేతులు చొక్కాకు రెండుసార్లు తుడుచుకుని, లెన్సు అంచు కూడా తాకకుండా తొమ్మిది ఫొటోలు తీశాను. పదోది తీసేలోగా అది ట్యాంకు వెనక్కి పోయింది. టీచర్‌ను కుర్చీతో సహా మళ్లీ కిందికి దించాం.

కార్డు ఆ రాత్రి ఖాళీ చేయలేదు. తెల్లవారి షాపు తెరవగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫొటో నిండా చుక్కలు. చెయ్యి అలవాటుగా మచ్చలు తీసే బ్రష్ మీదికి పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకున్నాను, చెబితే నవ్వుతారు. ఎడమ చేత్తోనే ఉన్నదున్నట్టు పెద్ద సైజులో ప్రింటు తీశాను. ఇరవై తొమ్మిదేళ్లలో నేను ఏమీ తుడవకుండా బయటికి పంపిన మొదటి ఫొటో అది.

టీచర్ మంచం మీద పరిచాను. ఆమె భూతద్దం పట్టుకుని కింది అంచు నుంచి మొదలుపెట్టారు. పిట్టగోడ, కేబుల్ వైర్లు, వాటర్ ట్యాంకు. అక్కణ్నుంచి పైకి వచ్చి ఆగిపోయారు.

"ఇదా?"

"అదే టీచర్."

ఆమె భూతద్దాన్ని మెల్లగా దాని చుట్టూ తిప్పారు. కాసేపటికి, "చుట్టూ ఇన్ని చుక్కలున్నాయి. అన్నీ నక్షత్రాలేనా, కొంత దుమ్మా?" అని అడిగారు.

"ఏది ఏదో నాకు తెలియలేదు టీచర్. అందుకే దేన్నీ తీయలేదు."

తలుపు దగ్గర నిలబడే ఉన్న ఆలిస్‌ను టీచర్ రమ్మని పిలిచారు. ఆలిస్ మంచం మీద వంగి, భూతద్దం కోసం చెయ్యి చాపింది. టీచర్ అలవాటుగా ఇవ్వబోయారు. ఇవ్వబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఆగు," అన్నారు. "ముందు నన్ను చూడనీ."