బల్ల మధ్యలో కూర్చున్న లెన్ గారు

మొన్న శనివారం మా ఆవిడ స్వర్ణ అరటికాయ ఆవపెట్టిన కూర చేస్తూ, నానబెట్టిన ఆవాలు మిక్సీలో తిప్పి మూత తీసింది. పక్కనే నిలబడి కాఫీ కలుపుకుంటున్న నాకు ఆ ఘాటు ముక్కులోకి సూటిగా ఎక్కి కళ్ళల్లోంచి నీళ్ళు తెప్పించింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాను. స్వర్ణ నా వంక ఒక్క క్షణం చూసి, "లెన్ గారేనా?" అంది. అవునన్నాను. కెనడాలోని విండ్సర్‌లో మా ఇంట ఆవఘాటు లేస్తే చాలు, ఎర్రటి ముఖమూ గుబురు కనుబొమలూ ఉన్న ఒక ఇంగ్లీషాయన వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది మా ఇద్దరికీ.

లెన్ గారు ఇంగ్లండు తూర్పు తీరంలో గ్రిమ్స్‌బీ అనే చేపల రేవులో పుట్టారు. వాళ్ళ నాన్న సముద్రం మీదికి వెళ్ళే చేపల ఓడల్లో వంటవాడు. లెన్ గారు మాత్రం కుర్రతనంలోనే కెనడా వచ్చేసి, విండ్సర్‌లో కార్ల సీట్లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో చేరి, నేను వచ్చేసరికి మా లైన్ లీడ్‌గా, అంటే మా వరుసలో పనిచేసేవాళ్ళందరికీ పెద్దగా ఉన్నారు. ఇన్నేళ్ళు కెనడాలో ఉన్నా ఆయన యాస పోలేదు; 'బస్సు'ను 'బుస్సు' అనేవారు. మొదట్లో ఆయన మాట సగం అర్థమయ్యేది కాదు. అర్థమైన సగంలో ఎక్కువ భాగం తిండి గురించే ఉండేది. బ్రిటిష్ వంట చాలా గొప్పదని, దానికి అన్యాయంగా చెడ్డపేరు అంటగట్టారని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం మా ప్లాంట్‌లో ఇంకెవరికీ లేదు. నాకసలే లేదు. బందరులో పెరిగినవాణ్ణి, ఇంగ్లీషువాళ్ళ తిండి అంటే జ్వరపడి లేచినవాళ్ళకు పెట్టే పథ్యం కూడులాంటిదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను.

ఆ ప్లాంట్‌లో చేరిన కొత్తలో నేను మధ్యాహ్నం కార్లో కూర్చుని భోంచేసేవాణ్ణి. అంతకు ముందు పనిచేసిన చోట ఒకసారి మైక్రోవేవ్‌లో నా బాక్స్ పెడితే, వెనక నిలబడ్డ ఒకాయన ముక్కు మూసుకుని, తలుపు బార్లా తెరిచి వెళ్ళిపోయాడు. ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది. ఆ రోజు నుంచి ఎంత చలైనా సరే, ఇంజన్ ఆన్ చేసుకుని, బాక్స్ ఒళ్ళో పెట్టుకుని కార్లోనే తినడం అలవాటు చేసుకున్నాను. ఒక జనవరి మధ్యాహ్నం అలాగే తింటూ ఉంటే ఎవరో అద్దం మీద వేళ్ళతో కొట్టారు. చూస్తే లెన్ గారు. అద్దం దించాను.

"బండి పాడైందా జాన్?" అని అడిగారు. నా పేరు జాన్ ప్రభాకర్. అక్కడ అందరికీ మొదటి సగమే తెలుసు.

"లేదండీ, లంచ్ చేస్తున్నాను."

"ఇక్కడెందుకు? లోపల కుర్చీలున్నాయి, హీటరుంది."

"వాసన వస్తుంది కదా. వాళ్ళకి ఇబ్బందని..."

ఆయన మంచులో నిలబడే తల కిటికీలోంచి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ రోజు స్వర్ణ ఉప్పుచేప వంకాయ కూర పెట్టింది.

"చేప. ఉప్పుపట్టించి ఎండబెట్టింది. అవునా?" అన్నారు.

అవునన్నాను.

"నేను పుట్టిన ఊరంతా ఇదే వాసన. ఇంత మంచి వాసనని కార్లో దాచుకుని తింటున్నావా, దుర్మార్గుడా! లోపలికి రా. నా తిండిని చూసి నవ్వినంతగా నీ తిండిని చూసి ఎవడూ నవ్వడులే."

బాక్స్ పట్టుకుని ఆయన వెంట వెళ్ళాను. లంచ్ రూమ్‌లో పొడవాటి బల్ల ఉండేది. లెన్ గారు ఎప్పుడూ దాని మధ్యలో కూర్చునేవారు. అంచున కూర్చోబోతున్న నన్ను రెక్క పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎదురుగా మార్కో ఉన్నాడు. వాళ్ళ అమ్మానాన్నలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు; భోజనం మీద అభిప్రాయాలు చెప్పడం తన జన్మహక్కు అనుకునే మనిషి. లెన్ గారు డబ్బా తెరవగానే మార్కో మొదలుపెట్టాడు.

"లెన్, నాకో డౌటు. మీ దేశంలో కూరలు ఉడకబెట్టిన నీళ్ళూ, గిన్నెలు కడిగిన నీళ్ళూ ఒకటేనా?"

అందరూ నవ్వారు. అందరికన్నా పెద్దగా లెన్ గారు నవ్వారు. నాకది వింతగా అనిపించింది. నా తిండిని ఒకడు మాటైనా అనకుండా ముక్కు మూసుకుంటేనే నేను కార్లోకి పారిపోయాను. ఈయన రోజూ ఇంతమంది మధ్యలో కూర్చుని, తన తిండి మీద పడే జోకులన్నిటికీ నవ్వి, తన ముక్క తను హాయిగా తింటున్నారు. ఆ రోజు ఆయన తెచ్చుకున్నది పోర్క్ పై. గట్టి పిండి గోడల్లోపల మిరియాలు వేసి దట్టించిన మాంసం; చల్లగానే తింటారు. దాని పక్కన చిన్న సీసాలో పసుపుపచ్చటి ముద్ద.

"ఇదేమిటి?" అన్నాడు మార్కో.

"మా ఆవపిండి. నీళ్ళతో కలిపిందే. నీకెందుకులే, మా తిండిలో కారం ఉండదుగా," అన్నారు లెన్ గారు, ఎంతో అమాయకంగా.

మార్కో చెంచాతో నిండుగా తీసి నోట్లో పెట్టుకున్నాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత ముఖం ఎర్రబడింది, రెండు చేతులూ గాల్లోకి లేచాయి, కళ్ళు ధారలు కట్టాయి. లేచి సింక్ దగ్గరికి పరుగెత్తాడు. గదంతా బల్ల చరిచి నవ్వింది. లెన్ గారు మాత్రం నా బాక్స్‌లోంచి ఉప్పుచేప ముక్క ఒకటి తీసుకుని నింపాదిగా నమిలి, "ఇంకొంచెం ఉందా?" అని అడిగారు. కార్లో తినడం ఆ రోజుతో ఆఖరు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచారు. ఆయన భార్య అంతకు చాలా ముందే పోయారు. కూతురు ఎడ్మంటన్‌లో ఉండేది. వంట ఆయనే చేసుకునేవారు. చర్చి అయ్యాక బయల్దేరుతుంటే స్వర్ణ హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదో సర్దుతోంది. ఏమిటని చూస్తే గోంగూర పచ్చడి సీసా.

"సిగ్గుగా ఉండదూ? పెద్దాయన వండి పెడుతుంటే!" అన్నాను.

"పైకి తియ్యన్లెండి. ఎమర్జెన్సీకి. మరీ చప్పగా ఉంటే ఆయన కిచెన్‌లోకెళ్ళినప్పుడు వేసుకుంటా," అంది.

తలుపు తీయగానే పొగలాంటి వెచ్చటి వాసన, గొర్రెమాంసం దాని కొవ్వులోనే కాలుతున్న వాసన, మమ్మల్ని గుమ్మంలోనే పట్టేసింది. లెన్ గారు ఓవెన్ తలుపు అద్దంలోంచి లోపలికి చూపించారు. పిండి, గుడ్లు, పాలు కలిపిన పల్చటి జావను కాగుతున్న కొవ్వులో పోస్తే, అది గిన్నె అంచులు దాటి బంగారు రంగులో గొడుగుల్లా పొంగుతోంది. "తలుపు తెరిచావో, చప్పబడిపోతుంది. ప్రార్థన దగ్గరలాగా నిశ్శబ్దంగా ఉండాలి," అన్నారు. అదే యార్క్‌షైర్ పుడ్డింగ్ అని, పేరుకి పుడ్డింగే కానీ తీపి కాదని చెప్పారు. మాంసం తీసేశాక పళ్ళేనికి అంటుకున్న మాడుని గీకి, నీళ్ళు పోసి మరిగించి గ్రేవీ చేశారు. పుదీనా సన్నగా తరిగి వెనిగర్‌లో, పంచదారలో కలిపి పెట్టారు.

"పుదీనా పచ్చడి!" అని తెలుగులోనే అనేసింది స్వర్ణ.

నేను తిన్న మొదటి ముద్ద ఇప్పటికీ గుర్తుంది. నాలుక అలవాటు కొద్దీ మసాలాను వెతికింది. దొరక్కపోయేసరికి కాస్త తడబడింది. ఆ తర్వాత నిదానంగా ఒక్కొక్కటే తెలియడం మొదలైంది: ఇది మాంసం రుచి, ఇది క్యారెట్ తీపి, ఇది బంగాళాదుంప పైపొర కరకర. మా వంటలో అందరూ కలిసి పాడతారు. ఆయన వంటలో ఒక్కొక్కరే లేచి నిలబడి పాడుతున్నట్టు అనిపించింది. రెండిటిలో ఏది గొప్పదని ఆ తర్వాత ఎప్పుడూ ఆలోచించలేదు.

స్వర్ణ రెండోసారి పెట్టించుకుంది. రుమాలు కోసమని బ్యాగ్ తెరిచేసరికి పచ్చడి సీసా లెన్ గారి కంట పడనే పడింది. ఆమె ముఖం కందిపోయింది. ఆయన మాత్రం చెయ్యి చాపి, "తెచ్చి ఇంతసేపు దాచావా? మాంసం పక్కన పచ్చడి లేకపోతే మా ఇంట్లో భోజనమే కాదు," అని సీసా లాక్కున్నారు. చెమటలు కక్కుకుంటూ సగం ఖాళీ చేశారు.

ఆ సాయంత్రం టీ తాగుతూ అడిగాను, "మీ తిండికి ఇంత చెడ్డపేరు ఉంది కదా, అందరూ నవ్వుతుంటే బాధనిపించదా?" అని.

"కొంత నిజమే కదా. మా అత్త క్యాబేజీని ఉడికించి ఉడికించి చంపేది," అన్నారు. "మా అమ్మావాళ్ళు యుద్ధకాలపు రేషను రోజుల్లో వంట నేర్చుకున్నారు. వెన్న లేదు, గుడ్లు లేవు, మాంసం లేదు. ఉన్నదాంతో కడుపు నింపారు. అప్పుడు తిన్నవాళ్ళు వెళ్ళి లోకమంతా చెప్పారు. రోజులు మారాయి కానీ ఆ మాట మారలేదు. అయినా జాన్, ఓడ మీద చలికి కొయ్యబారిపోయిన మనిషికి ఏం కావాలి? వేడి, ఉప్పు, కొవ్వు, చివర్లో ఇంత తీపి. మా నాన్న అది పెట్టేవాడు. అది తిని మళ్ళీ వల లాగేవాళ్ళు. వాళ్ళెవరూ నవ్వలేదు."

వసంతం వచ్చేసరికి నాకో గండం వచ్చింది. ప్లాంట్‌కు డయాన్ అనే కొత్త సూపర్‌వైజర్ వచ్చింది. ఒక రోజు షిఫ్ట్ మొదట్లో అందర్నీ నిలబెట్టి, "లంచ్ రూమ్‌లో వాసన భరించలేకపోతున్నామని కంప్లైంట్ వచ్చింది. చేపలు వేడి చేస్తున్నదెవరు?" అని అడిగింది. నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఆ ఉద్యోగం పర్మినెంట్ అయితేనే నేను పీఆర్‌కి, అంటే కెనడాలో స్థిరపడే అనుమతికి, అప్లై చేయగలిగేది. పక్కనే లెన్ గారు నోరు తెరుస్తున్నారు. ఆ నెలంతా ఆయన తెచ్చుకున్నది ఉల్లిపాయా చీజ్ పెట్టిన పై మాత్రమే. అయినా నేరం తన మీద వేసుకోబోతున్నారని నాకు అర్థమైపోయింది.

"నేనే," అన్నాను ఆయనకంటే ముందు. "ఉప్పుచేప. మా ఊరి వంట."

లెన్ గారు నా వంక తిరిగి చూశారు. ఆ కనుబొమలు అంత పైకి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు వెనక నుంచి మార్కో చెయ్యెత్తాడు. "చేపనేం అనకండి మేడమ్. గోడకున్న ఫ్యాన్ తిరగట్లేదు. పోయిన వారం నేను తెచ్చుకున్న వెల్లుల్లి ఇంకా ఆ గదిలోనే కాపురం ఉంది."

నవ్వుల మధ్య డయాన్ వెళ్ళి ఫ్యాన్ స్విచ్ వేసి చూసింది. తిరగలేదు. "దీన్ని బాగుచేయిస్తాను," అంది. లెన్ గారు అదే అదనుగా, "శుక్రవారం అందరం మా మా ఇంటి వంటలు తెస్తాం. మీరూ తినండి. తిన్నాక కూడా వద్దంటే మానేస్తాం," అన్నారు. ఆమె సరేనంది.

గురువారం సాయంత్రం లెన్ గారి వంటింట్లో ముగ్గురం పనిలో పడ్డాం. ఒక పొయ్యి మీద స్వర్ణ ఉప్పుచేప వంకాయ. ఇంకోదాని మీద ఆయన పొగబెట్టిన చేపను పాలల్లో ఉడికించి, పైన మెదిపిన బంగాళాదుంప పరిచి, ఓవెన్లో ఎర్రగా కాల్చే ఫిష్ పై. అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన తీపి పుడ్డింగ్ కూడా చేశారు. ఆయన స్వర్ణ గరిట లాక్కుని రుచి చూడటం, ఆమె ఆయన చేతిమీద చిన్నగా కొట్టడం, నేను ఉల్లిపాయలు తరుగుతూ ఇద్దరి చేతా తిట్లు తినడం. అంత నవ్విన సాయంత్రం నా జీవితంలో మళ్ళీ లేదు.

మర్నాడు డయాన్ ఉప్పుచేప కొంచెమే పెట్టించుకుంది. తిని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొంచెం పెట్టించుకుంది. "వాసన చూసి వేరేలా అనుకున్నాను," అంది. అంతే. చేపల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎండాకాలం మొదట్లో నా ఉద్యోగం పర్మినెంట్ చేసిన కాగితం ఆమే తెచ్చి ఇచ్చింది.

కానీ ఆ శుక్రవారం అందరూ చూసింది మార్కోని. అతను ఫిష్ పై ఒక ప్లేటు తిన్నాడు. మాట్లాడకుండా వెళ్ళి రెండో ప్లేటు తెచ్చుకున్నాడు. చివరికి చెంచా కింద పెట్టి, "లెన్, మీ వంశంలో ఎవరో ఇటలీవాళ్ళు ఉండే ఉంటారు," అన్నాడు.

"ఉంటే నిన్ను ఇంతసేపు నోరు మూసుకుని తిననిచ్చేవాళ్ళా?" అన్నారు లెన్ గారు.

రిటైరయ్యాక ఆయన ఎడ్మంటన్ వెళ్ళి కూతురి దగ్గర ఉన్నారు. ఆదివారాలు ఫోన్ చేసి, స్వర్ణతో గ్రేవీ గురించి, నాతో చలి గురించి మాట్లాడేవారు. పోయినేడు ఆయన పోయారని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే నవ్వేసింది. హాస్పిటల్లో పెట్టిన మెత్తటి బంగాళాదుంప, చప్పటి గ్రేవీ తిని, "బాగుంది, ఇంకొంచెం వెయ్యమ్మా" అని అడిగారట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ తిండిని రెండోసారి అడిగిన పేషెంటు మీ నాన్నగారొక్కరే అని నర్సు అందట. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. ఇటు మేమిద్దరం, అటు ఆమె, చాలాసేపు నవ్వుతూనే ఏడ్చాం.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్త వంటకం కనిపిస్తే అందరం "ఇదేమిటి?" అంటాం. లెన్ గారు ఎవరి బాక్స్ చూసినా "ఇది నీకెవరు నేర్పారు?" అనేవారు. ఇప్పుడు ఆ లైన్‌కు నేను లీడ్‌ని. కొత్తగా చేరినవాళ్ళు బాక్స్ మూత సగమే తెరిచి, చేయి అడ్డం పెట్టుకుని తింటూ కనిపిస్తారు. పక్కన కూర్చుని ఆ ప్రశ్న అడుగుతాను. మొదట అనుమానంగా చూస్తారు. తర్వాత చేయి పక్కకి తీసి, మా అమ్మ అనో, మా తాత అనో, పక్కింటి ఆంటీ అనో మొదలుపెడతారు. ఇక ఆ మాటలు ఆగవు. బాక్సుల్లో కూరలు చల్లారిపోతుంటాయి. ఎవరూ పట్టించుకోరు.